హిప్పర్గా చెరువు, నల్‌దుర్గ్ కోట, ఒక కెమెరా బేరం

సోలాపూర్‌లో ఫొటో తీయడానికి ఏముంది అని మన పూర్వభాగ్‌లో ఎవరినైనా అడగండి. సిద్ధేశ్వర్ గుడి, అంతే అంటారు. కొండలు లేవు, సముద్రం లేదు, అడవి లేదు, వానలు అంతంత మాత్రం. నాలుగు దిక్కులా బల్లపరుపు నేల, జొన్న చేలు, తుమ్మ చెట్లు. మగ్గం మోతలో పుట్టి పెరిగిన మనకు ఊరి బయట చూడదగ్గది ఉందన్న ధ్యాస కూడా తక్కువే. కాని ఇప్పుడు మన పిల్లలు ఆదివారం వచ్చిందంటే ఫోను పట్టుకొని చెరువు కట్టలకు, కోటలకు పోతున్నారు. వాళ్ళలో కొందరు "ఫోను చాలదు, కెమెరా కొనాలె" అంటున్నారు. ఆ మాట పడ్డ ఇంట్లో తల్లిదండ్రులకు నిద్ర ఉండదు. అది ఐదు వేల సంగతి కాదు కదా. యాభై వేలు, లక్ష.

పోయిన సెప్టెంబరులో మా అక్క ఇంట్లో ఇదే మాట పడ్డది. మా మేనల్లుడు టవల్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తాడు. వాడి ఫోను ఫొటోలు చూసి, క్యాలెండర్లు అచ్చు వేయించే ఆయన ఒకరు పని చెప్పారు. పన్నెండు నెలలకు పన్నెండు ఫొటోలు, అన్నీ మన సోలాపూర్ చుట్టుపక్కలవే, 12 బై 18 అంగుళాల సైజు. "ఫోను ఫొటో అంత సైజుకు సాగదీస్తే చెట్ల ఆకులు ముద్దగా వస్తున్నయి. కెమెరాతో తీసి తే, డబ్బులిస్త" అన్నారట.

అక్క బీడీలు చుడుతది. నెలనెలా కట్టిన భిశీ అప్పుడే ఆమె వంతుకు వచ్చింది, 70 వేలు. ఇంటి పైకప్పు రేకులు మార్చుదామని దాచుకున్న డబ్బు. "రేకులు ఇంకో వానకాలం ఆగుతయి, పిల్లగాని పని ఆగొద్దు" అన్నది. మేనల్లుడి లెక్క వేరే ఉంది. ఈ 70 వేలు ముందు కట్టి, మిగిలింది రెండేళ్ళ కిస్తీ పెట్టి, ఫుల్‌ఫ్రేమ్ కెమెరా తీసుకోవాలని. కెమెరా, మంచి లెన్స్ కలిపితే లక్షన్నర పైమాటే.

నేను పెళ్ళిళ్ళ ఫొటో స్టూడియోలో 18 ఏళ్ళ నుంచి పని చేస్తున్నాను. అక్క నా దిక్కు చూసి, "తమ్ముడా, నీకు తెలిసిన పనే కదా, నువ్వే చెప్పు" అన్నది.

"షాపుకు పోయే ముందు చెరువుకు పోదాం" అన్నాను.

రెండు రోజులకు రెండు కెమెరాలు తీసుకున్నాం. ఒకటి మా స్టూడియోది, నికాన్ జెడ్ 6 రెండో మోడల్, 24–70 లెన్స్‌తో. ఇది ఫుల్‌ఫ్రేమ్. రెండోది కిరాయికి తెచ్చిన నికాన్ జెడ్ 50, దాని రెండు లెన్సులతో: 16–50, 50–250. దీని సెన్సర్ చిన్నది, ఏపీఎస్-సీ అంటారు.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా లోపల ఒక అద్దం ఉండేది. లెన్స్ నుంచి వచ్చే వెలుగును ఆ అద్దం పైకి తిప్పి మన కంటికి చూపేది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు. వెలుగు నేరుగా సెన్సర్ మీద పడుతుంది, సెన్సర్ చూసిందే చిన్న తెర మీద మనకు కనిపిస్తుంది. దీనితో పెద్ద లాభం ఏమంటే, మీట నొక్కక ముందే ఫొటో నల్లగా వస్తుందా, తెల్లగా వెలిసిపోతుందా తెలిసిపోతుంది. నష్టం ఏమంటే బ్యాటరీ తొందరగా అయిపోతుంది. జెడ్ 50 బ్యాటరీ సుమారు 300 ఫొటోలకు వస్తుంది. ఇక సెన్సర్ సైజు. ఫుల్‌ఫ్రేమ్ అంటే 36 బై 24 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ సుమారు 23.5 బై 15.7. అందుకే చిన్న సెన్సర్ మీద 16 మిల్లీమీటర్ల లెన్స్ ఎంత వెడల్పు చూపుతుందో, ఫుల్‌ఫ్రేమ్ మీద 24 అంతే చూపుతుంది. మా దగ్గరున్న రెండు కెమెరాలూ వెడల్పు వైపు సరిసమానం.

మొదటి రోజు పొద్దుగాల హిప్పర్గా పోయినం. తుళజాపూర్ రోడ్డు మీద, ఊరు దాటగానే వచ్చే పెద్ద చెరువు. ఏక్రుఖ్ చెరువు అని కూడా అంటారు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో, 150 ఏళ్ళ కిందట కట్టిన మట్టి కట్ట. మనవాళ్ళు మిల్లుల్లో పనికి ఈ ఊరు చేరినప్పటి నుంచి చూస్తున్న నీళ్ళే ఇవి. చలికాలం పక్షులు దిగుతాయి. మేము పోయినప్పుడు పక్షుల కాలం కాదు గాని నీళ్ళు నిండుగా ఉన్నాయి.

మేనల్లుడు ముందు ఫుల్‌ఫ్రేమ్ అందుకున్నాడు. లెన్స్‌ను పూర్తి వెడల్పుకు తిప్పి పది ఫొటోలు తీసి, తెర మీద చూసుకొని ముఖం చిన్నది చేసుకున్నాడు.

"మామా, ఇంత పెద్ద చెరువు ఒక గీత లెక్క వచ్చింది."

వెడల్పు లెన్స్ గుణమే అది. దూరంగా ఉన్నదాన్ని ఇంకా దూరం జరుపుతుంది, దగ్గరున్నదాన్ని పెద్దది చేస్తుంది. కొండల దేశంలో కొండలు ఆకాశం నింపుతాయి కాబట్టి చెల్లుతుంది. మన బల్లపరుపు నేల మీద కింద సగం మట్టి, పైన సగం ఆకాశం, మధ్యలో బొట్టంత చెరువు. కాబట్టి వెడల్పు లెన్స్ వాడినప్పుడు కాళ్ళ ముందర ఏదో ఒకటి ఉండాలి. రాయి, తెప్ప, ఎండి పగిలిన బురద, ఏదైనా సరే. అది గట్టు దగ్గర దొరికింది, ఒడ్డుకు లాగి పెట్టిన తెప్ప. కెమెరాను మోకాలెత్తుకు దించి, తెప్ప ముక్కుకు ఒకటిన్నర మీటరు దూరంలో పెట్టించాను. 16 మిల్లీమీటర్లు, ఎఫ్ 8, ఫోకస్ 1.6 మీటర్ల దగ్గర. ఈ లెక్కన 80 సెంటీమీటర్ల నుంచి ఆకాశం అంచు దాకా అంతా స్పష్టంగా వస్తుంది. దీనికి ఖరీదైన లెన్స్ అక్కర లేదు. ఎఫ్ 8 దగ్గర మామూలు కిట్ లెన్స్ కూడా బాగా పనిచేస్తుంది.

తర్వాత చిన్న కెమెరాకు 50–250 తగిలించాం. అప్పుడు తెరుచుకుంది చెరువు. అవతలి ఒడ్డున నీళ్ళలో మునిగిన తుమ్మ చెట్లు నాలుగు, వాటి వెనక పొగమంచు, ఆ వెనక పచ్చటి చేను. పొడవు లెన్స్ ఈ మూడింటినీ దగ్గరకు లాగి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చూపుతుంది. బల్లపరుపు నేలకు లోతు ఇచ్చేది ఇదే. ఫుల్‌ఫ్రేమ్‌తో ఉన్న 24–70 ఆ చెట్ల దగ్గరకు చేరలేదు. చేరాలంటే దానికి ఇంకో పెద్ద లెన్స్ కొనాలి, అది మళ్ళీ లక్ష దగ్గర మాట.

లెన్స్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాను. మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీయగానే సెన్సర్ బయటికి కనబడుతుంది, అడ్డం వచ్చే అద్దం లేదు. మన దగ్గర గాలి, దుమ్ము ఎక్కువ. కెమెరా ఆపి, గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు కిందికి వంచి, టక్కున మార్చాలి. ఇంట్లో మగ్గం ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. గాలిలో తేలే దూది పీచు కూడా లోపలికి పోతుంది. మగ్గం నడుస్తున్న గదిలో లెన్స్ తీయనే వద్దు.

రెండో రోజు నల్‌దుర్గ్. హైదరాబాద్ పోయే రోడ్డు మీద, సోలాపూర్‌కు సుమారు 50 కిలోమీటర్లు. ఎస్టీ బస్సులు బాగానే ఉన్నాయి. బహమనీలు, బీజాపూర్ ఆదిల్‌షాహీలు, మొగలాయీలు, నిజాం ఏలిన కోట ఇది. 1853లో నిజాం దగ్గర నుంచి ఇంగ్లీషు వాళ్ళు ఈ జిల్లా తీసుకొని 1860లో తిరిగి ఇచ్చేశారు. ఆ నడుమ కాలంలో ఇక్కడ అధికారిగా ఉన్న మెడోస్ టేలర్ తన జీవిత చరిత్రలో నల్‌దుర్గ్ గురించి రాశాడు. 1948 దాకా ఇది హైదరాబాద్ సంస్థానంలోని ఊరే. మన తాతలు వదిలి వచ్చిన పాలమూరు, నల్లగొండ పల్లెలూ, ఈ కోటా ఒకే నిజాం కింద ఉండేవన్న మాట.

కోటలో అందరూ చూసేది పానీ మహల్. బోరీ నదికి అడ్డంగా రాతి ఆనకట్ట కట్టి, ఆ కట్ట కడుపులోనే గదులు కట్టారు. రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో, 1613లో. వానలు బాగా పడి జలాశయం నిండితే నీళ్ళు కట్ట మీది నుంచి రెండు ధారలుగా దూకుతాయి. వాటికి నర్, మాదీ అని పేర్లు, అంటే మగ, ఆడ. నీళ్ళు కట్ట ముందు దూకుతుంటే లోపల గదిలో నిలబడిన మనిషికి తడి తగలదు. కిటికీ ముందు నీళ్ళు పరదా లెక్క వేలాడతాయి. 400 ఏళ్ళ కిందటి మేస్త్రీల పనితనం అది. నేను మూడుసార్లు పోయాను, నీళ్ళు దూకడం చూసింది ఇదే మొదటిసారి.

ఇక్కడ రెండు కెమెరాలకు నిజమైన పరీక్ష జరిగింది. లోపలి గదిలో చీకటి. మూడు కాళ్ళ స్టాండ్ పెట్టేంత చోటు లేదు, వచ్చే పోయే జనం. చేతిలో పట్టుకొని తీసినప్పుడు ఫుల్‌ఫ్రేమ్ గెలిచింది. దాని సెన్సర్ పెద్దది, పైగా చేయి వణుకును సెన్సరే సర్దుకుంటుంది. జెడ్ 50లో ఆ సదుపాయం బాడీలో లేదు, లెన్స్‌లో ఉంది. చీకటి మూలల్లో చిన్న కెమెరా ఫొటోకు ఇసుక చల్లినట్టు గరుకు వచ్చింది. ఉన్న మాట చెప్పాలి కదా. పెళ్ళి మండపంలో రాత్రి పని చేసేవాడికి నేను ఫుల్‌ఫ్రేమే చెప్తాను.

బయటికి వచ్చి ధార ఎదురుగా నిలబడ్డాక సంగతి మారింది. కాపలా మనిషిని అడిగి స్టాండ్ పెట్టుకున్నాం. మబ్బు పట్టి ఉంది. ఐఎస్ఓ 100, ఎఫ్ 16, లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్, షట్టర్ పావు సెకను. నీళ్ళు పట్టు దారం పోగుల్లా వచ్చాయి. పోలరైజర్ తిప్పుతుంటే తడి రాళ్ళ మీది తెల్లటి మెరుపు పోయి, నాచు పచ్చదనం బయటపడడం తెర మీదే కనిపించింది. ఈ పని కంప్యూటర్‌లో తర్వాత చేయలేం. లెన్స్ ముందర అప్పుడే జరగాలి. కెమెరా స్టాండ్ మీద ఉన్నాక పెద్ద సెన్సర్, చిన్న సెన్సర్ తేడా చాలా వరకు పోతుంది. ప్రకృతి ఫొటోలో చెరువు, కోట ఎక్కడికీ పోవు. షట్టర్ ఎంతసేపు తెరిచి పెట్టినా అడిగేవారు లేరు.

మధ్యాహ్నానికి ఉపలీ బురుజు మెట్లెక్కాం. ఎత్తైన బురుజు, పైన పొడుగాటి ఫిరంగులు ఉన్నాయి. అంతదాకా సంచి మోసింది మేనల్లుడే. ఫుల్‌ఫ్రేమ్, దాని ఎఫ్ 2.8 లెన్స్ కలిపి 1,510 గ్రాములు. చిన్న కెమెరా, రెండు లెన్సులూ కలిపి 990 గ్రాములు. పైకి పోయాక వాడు అడగకుండానే చిన్నది తీశాడు. నేను ఏమీ అనలేదు.

సాయంత్రం తిరిగొచ్చి సిద్ధేశ్వర్ చెరువు గట్టున స్టాండ్ పెట్టాం. దీపాలు పెట్టే వేళ గుడి, నీళ్ళలో గుడి నీడ. నాలుగు సెకన్ల ఫొటో. తర్వాత అక్క ఉండే వాడలో ఒకరి మిద్దె ఎక్కి, 200 మిల్లీమీటర్ల దగ్గర మన ఇళ్ళ వరస తీశాడు. రేకుల కప్పులు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన చద్దర్లు, వాటి వెనక పొద్దు. క్యాలెండర్‌లో వేస్తారో లేదో గాని, ఆ రోజు తీసిన వాటిలో నాకు నచ్చింది అదే.

మర్నాడు స్టూడియో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. తీసినవి 400 పైన. ఏరితే మిగిలినవి 31. ప్రతి ఫొటో ఫైల్‌లో ఏ లెన్స్, ఎన్ని మిల్లీమీటర్లు అన్నది రాసి ఉంటుంది. మేనల్లుడిని కాగితం మీద రాసుకోమన్నాను. చిన్న కెమెరా లెక్కలో 24 లోపు తీసినవి 11. 24 నుంచి 50 మధ్య మూడు. 50 దాటినవి 17, వాటిలో ఎక్కువ 100 పైనే. కాగితం వాడి ముందే పెట్టాను. నడుమ లెన్స్ మీద లక్ష పోయాల్సిన పని లేదని ఆ కాగితమే చెప్పింది.

తర్వాత సైజు లెక్క. 12 బై 18 అంగుళాల అచ్చుకు, అంగుళానికి 300 చుక్కల చొప్పున 5,400 బై 3,600 చుక్కలు కావాలి. జెడ్ 50 ఫొటో 5,568 బై 3,712. సరిపోయింది. ఫుల్‌ఫ్రేమ్‌ది 6,048 బై 4,024, కొంచెం ఎక్కువ, అంతే. స్టాండ్ మీద తీసిన ధార ఫొటోలు రెండూ ఒకే సైజుకు అచ్చు వేయించి అక్క ముందు పెట్టాం. ఏది ఏ కెమెరాదో చెప్పలేకపోయింది. తర్వాత మా స్టూడియో వాళ్ళూ చెప్పలేకపోయారు.

బేరం ఇట్లా తెగింది. ఒకరు తక్కువ వాడిన జెడ్ 50, రెండు లెన్సులు 56 వేలు. గట్టి స్టాండ్ 5,500. అదనపు బ్యాటరీ 3 వేలు. కార్డు 900. పోలరైజర్ దగ్గర చిన్న ఉపాయం ఉంది. 16–50 లెన్స్ నోరు 46 మిల్లీమీటర్లు, 50–250ది 62. రెండు ఫిల్టర్లు కొనకుండా 62 సైజుది ఒకటి కొని, చిన్న లెన్స్‌కు 46 నుంచి 62కు పెంచే రింగు వేశాం. రెండూ కలిపి 2,500. మొత్తం 67,900. కిస్తీ లేదు, వడ్డీ లేదు.

వాడిన కెమెరా కొనేటప్పుడు నాలుగు చూడండి. బిల్లు, డబ్బా ఉన్నాయా, బాడీ మీది నంబరు బిల్లులో నంబరు ఒకటేనా. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఫొటో ఫైల్ నుంచి లెక్క తీయించండి. ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడనో ఆకాశాన్నో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది మరకలు నల్ల చుక్కలుగా కనిపిస్తాయి. లెన్స్‌ను వెలుగుకు అడ్డం పెట్టి లోపల సాలెగూడు లాంటి బూజు ఉందేమో చూడండి. బూజు పట్టిన లెన్స్ సగం ధరకు ఇచ్చినా వద్దు. కొన్నాక మూత గట్టిగా ఉండే డబ్బాలో సిలికా పొట్లాలు వేసి పెట్టుకుంటే వానకాలం భయం ఉండదు.

మేము కొన్నది నికాన్ కాబట్టి అందరూ అదే కొనాలని కాదు. కెనాన్ ఆర్ 50, ఆర్ 10, సోనీ 6000 వరస, ఫ్యూజీ ఎక్స్-టీ వరస, ఏదైనా ఈ పని చేస్తుంది. సోనీకి వాడిన లెన్సులు ఎక్కువ దొరుకుతాయి. అమ్మేవాడు బాడీ గురించి ఎక్కువ చెప్తాడు, మీరు మాత్రం లెన్స్ గురించి అడగండి. ఐదేళ్ళకు బాడీ మారుతుంది, లెన్సులు మాత్రం అదే మౌంట్‌లో ఉన్నంతకాలం మీ వెంట వస్తాయి. చేతిలో 30 వేలే ఉంటే వాడిన డీఎస్ఎల్ఆర్ కూడా ప్రకృతి ఫొటోకు మంచిదే, సిగ్గుపడే పని లేదు. చేతిలో ఎంత ఉన్నా స్టాండ్‌కు కొంత పక్కన పెట్టండి. ఇంకొక మాట, ఫొటోలు రా ఫైల్‌గా తీయమనండి. మబ్బుల తెలుపు, నీడల నలుపు తర్వాత సర్దుకోవడానికి జేపెగ్‌లో అంత చోటు ఉండదు.

అన్నిటికన్నా ముందు, కిరాయికి తెచ్చి మీ ఊరి చుట్టూ రెండు రోజులు తిరగండి. ఇచ్చల్‌కరంజిలో ఉన్నవాళ్ళకు పంచగంగ ఉంది, భివండీ వాళ్ళకు ఉల్హాస్ ఖాడీ ఉంది, యానాం వాళ్ళకు గోదావరి ఉంది. వాళ్ళ కాగితం లెక్క మా లెక్కలా రాదు. ఒకరికి వెడల్పు ఎక్కువ రావచ్చు, ఒకరికి పొడవు. కిరాయి డబ్బు పోయిందనుకోకండి. లక్ష రూపాయల జవాబు అందులోనే దొరుకుతుంది.

క్యాలెండర్ ఆయన పన్నెండులో తొమ్మిది తీసుకున్నారు. వచ్చిన డబ్బుతో అక్క రేకులకు బయానా ఇచ్చింది. మిగిలిన మూడింటికి మేనల్లుడు చలికాలం భిగవణ్ పోతానంటున్నాడు, ఉజనీ నీళ్ళలో రాజహంసలు దిగే చోటికి. అక్కడ 250 చాలుతుందా అని అడిగాడు. పక్షి ఒక్కదానికైతే చాలదు, నీళ్ళు, గుంపు, ఆకాశం కలిపి తీస్తే చాలుతుందని చెప్పాను. ఇంకో లెన్స్ ఊసు మాత్రం తీయలేదు.